నాలుగు కొట్లు, ఒకే చిట్టా

1980ల నాటి మాట. తెనాలిలో బ్యాంకు ఖాతా ఉన్న మనిషి కూతురి పెళ్లి బట్టలకని హైదరాబాదు బయల్దేరితే, ముందే డబ్బు తీసి నడుముకు కట్టుకోవాలి. లేదా డిమాండ్ డ్రాఫ్టు తీయించుకోవాలి. హైదరాబాదులో అదే బ్యాంకుకు ఎన్ని బ్రాంచీలున్నా, ఏ కౌంటర్లో అడిగినా ఆయన నిల్వ ఎంతో చెప్పగలిగేవారు లేరు. ఆ అంకె రాసి ఉన్న లెడ్జరు పుస్తకం తెనాలిలో, ఒక బల్ల మీద ఉంది. పాస్‌బుక్కు మీద బ్యాంకు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా, ఆయన నిజానికి ఆ బ్రాంచి ఖాతాదారు మాత్రమే.

బ్యాంకు లోపలి తిప్పలు ఇంకా ఎక్కువ. గుంటూరు బ్రాంచి రాసిచ్చిన డ్రాఫ్టుకు హైదరాబాదు బ్రాంచి డబ్బు చెల్లిస్తుంది. ఇక్కడ ఒక పద్దు, అక్కడ ఒక పద్దు. రెండూ టపాలో ప్రధాన కార్యాలయానికి చేరి జతపడాలి. ఒక కాగితం ఆలస్యమైనా, ఒక అంకె తారుమారైనా జత కుదరదు. ఇలా జత దొరకని పద్దులు నెలల తరబడి పేరుకుపోయేవి. ఆ సందుల్లో మోసాలకూ చోటుండేది.

బ్యాంకుల్లో యంత్రాల వాడకం మీద 1984లో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షుడు అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్. ఆయనే తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరుగా, ఆపైన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. ఆ నివేదిక తర్వాతి ఏళ్లలో బ్రాంచీలకు లెడ్జరు యంత్రాలు, ఆ వెనక కంప్యూటర్లు వచ్చాయి. అయినా తెనాలి మనిషి అవస్థ తీరలేదు. ఏ బ్రాంచి కంప్యూటరు ఆ బ్రాంచిదే. పుస్తకం యంత్రంలోకి దూరిందంతే, బ్రాంచీల మధ్య గోడ అలాగే ఉంది. 2000 తర్వాత కోర్ బ్యాంకింగ్ పేరుతో ఖాతాలన్నీ ఒకే కేంద్ర డేటాబేస్‌లోకి చేరాకే, ఏ ఊళ్లోనైనా తన డబ్బు తాను తీసుకునే రోజు వచ్చింది. కంప్యూటరు కొనడానికీ, లెక్కల అమరిక మార్చడానికీ మధ్య మన బ్యాంకులకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

అదే ఇరవై ఏళ్ల కథ ఇవాళ చిన్న వ్యాపారాల్లో మళ్లీ నడుస్తోంది. మొదటి కొట్టు బాగా సాగుతుంది. రెండోది తెరుస్తారు, మూడోది తెరుస్తారు. ప్రతి కొట్లోనూ విడిగా ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. రాత్రి పదింటికి ఒక్కో బ్రాంచి నుంచి వాట్సాప్‌లో ఎక్సెల్ ఫైలు వస్తుంది, గుమాస్తా వాటిని అతుకుతాడు. ఒకరు ‘పారాసెటమాల్ 650’ అని రాస్తారు, ఇంకొకరు ‘పారా 650’ అంటారు, మూడో కొట్లో అదే మాత్ర ‘పి-650’. మొత్తం ఎన్ని మాత్రలు ఉన్నాయంటే యంత్రం మూడు వేర్వేరు జవాబులు చెబుతుంది. దాని దృష్టిలో అవి మూడు వేర్వేరు మందులు మరి.

ఉదాహరణకు ఒక మందుల షాపుల సంస్థను ఊహించుకుందాం. విజయవాడలో మొదలైంది. గుంటూరు, ఖమ్మం, కూకట్‌పల్లిలో బ్రాంచీలు పెట్టింది. దీనికి డేటాబేస్ కట్టాలి. మొదట తేల్చాల్సింది ఏ సాఫ్ట్‌వేర్ అని కాదు, ఏ వివరం ఎవరిది అని.

పాన్ నంబరు సంస్థది. ఎన్ని ఊళ్లలో కొట్లున్నా అది ఒక్కటే. జీఎస్‌టీ నంబరు అలా కాదు. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలూ పాన్ నంబరే. కాబట్టి విజయవాడ, గుంటూరు కొట్లు ఒకే రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. ఖమ్మం, కూకట్‌పల్లి మరో దాని కిందికి. మందుల అమ్మకం లైసెన్సు ఇంకో రకం. ఔషధ నిబంధనల ప్రకారం ఏ చోట అమ్మితే ఆ చోటికి విడిగా లైసెన్సు ఉండాలి. అంటే అది కొట్టుది.

ఇలా మూడు అంతస్తులు తేలాయి. సంస్థ, దాని కింద రాష్ట్రాలవారీ రిజిస్ట్రేషన్లు, వాటి కింద బ్రాంచీలు. మూడూ మూడు పట్టికలు. జీఎస్‌టీ నంబరును తొందరపడి సంస్థ పట్టికలో రాసేస్తే, ఖమ్మం కొట్టు తెరిచిన రోజున డేటాబేస్ అడ్డం తిరుగుతుంది. పోనీ ప్రతి బ్రాంచి వరుసలోనూ రాస్తే, విజయవాడ దగ్గరా గుంటూరు దగ్గరా అదే నంబరు రెండుసార్లు పడుతుంది. ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోయే రోజు తప్పకుండా వస్తుంది.

ఒక వివరం ఒకేచోట ఉండాలన్న ఈ పట్టుదలకు గణిత పునాది వేసినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపి, తర్వాత అమెరికాలో ఐబీఎంలో చేరాడు. అప్పటి డేటాబేస్‌లలో ఒక వివరం కావాలంటే అది ఏ వివరం కింద దాగి ఉందో, ఏ దారిన వెళ్లి తీయాలో ప్రోగ్రాము రాసేవాడికి తెలియాలి. దారి మారిస్తే ప్రోగ్రాము ఆగిపోయేది. 1970లో కాడ్ ప్రచురించిన పరిశోధన వ్యాసం ఆ దారుల గొడవనే తీసేసింది. వివరాలను సాదా పట్టికల్లో పెట్టు, ప్రతి వరుసకూ ఒక గుర్తింపు ఇవ్వు, పట్టికలను ఆ గుర్తింపులతో కలుపు అన్నాడు. 1981లో ఆయనకు కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇవాళ కిరాణా కొట్టు బిల్లు వెనక ఉన్నది ఎక్కువగా ఆ ఆలోచనే.

మందుల షాపులో ఆ ఆలోచన ఎలా పనిచేస్తుంది? మందు పేరు, తయారీదారు, మోతాదు ఏ బ్రాంచివీ కావు. అవి మందువి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అట్ట మీది గరిష్ఠ ధర బ్యాచ్‌వి. మరి ‘నలభై స్ట్రిప్పులు’ అన్న అంకె ఎవరిది? మందుదా, గుంటూరు కొట్టుదా? విడిగా చూస్తే ఎవరిదీ కాదు. ఈ బ్యాచ్ ఈ బ్రాంచిలో ఎంత ఉంది అన్నప్పుడే దానికి అర్థం. ఆ జంటది అది. కొత్తగా డేటాబేస్ కట్టేవారు అందరికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే. మందుల పట్టికలో ‘విజయవాడ స్టాకు’, ‘గుంటూరు స్టాకు’ అని బ్రాంచికో నిలువు గడి పెట్టేస్తారు. కొత్త కొట్టు తెరిచినప్పుడల్లా పట్టికనే కోసి కుట్టాలి, దాని మీద నడిచే ప్రతి రిపోర్టునూ తిరగరాయాలి. బ్రాంచి, బ్యాచ్, ఎంత అనే మూడు గడులతో విడిగా స్టాకు పట్టిక ఉంటే ఐదో కొట్టుకు కొన్ని వరుసలు పెరుగుతాయి, అంతే.

ధరల దగ్గర చిక్కు మరో రకం. నాలుగు కొట్లలోనూ రేటు దాదాపు ఒకటే, తేడాలు కొద్దిగా. కూకట్‌పల్లిలో పోటీ ఎక్కువ కాబట్టి కొన్నిటి మీద తగ్గింపు ఎక్కువ ఇవ్వాలి. అలాగని ప్రతి బ్రాంచికీ పూర్తి ధరల జాబితా పెడితే, ఒక ధర మారినప్పుడు నాలుగుచోట్ల మార్చాలి. దీనికి మందు లండన్‌లో, అదీ టీ షాపుల్లో, ఎప్పుడో దొరికింది.

జె. లయన్స్ అనే కంపెనీ 1894లో లండన్ పికడిలీలో మొదటి టీ షాపు తెరిచింది. తర్వాత ఆ షాపులు 200 దాటాయి. కేకులు, రొట్టెలు, పైలు అన్నీ కంపెనీ సొంత బేకరీల నుంచి రోజూ వెళ్లాలి. లాభం పైసల్లో ఉండే వ్యాపారం అది, గుమాస్తాల ఖర్చు మాత్రం కొండంత. 1947లో కంపెనీ మనుషులు ఇద్దరు అమెరికా వెళ్లి కొత్తగా పుడుతున్న కంప్యూటర్లను చూసొచ్చారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం కడుతున్న యంత్రానికి కంపెనీ డబ్బు సాయం చేసింది, ఆ నమూనాలోనే తన సొంత యంత్రం కట్టుకుంది. దాని పేరు లియో. 1951 నవంబరులో అది బేకరీ లెక్కలు క్రమంగా చేయడం మొదలుపెట్టింది. వ్యాపారపు రోజువారీ పనికి వాడిన తొలి కంప్యూటరు అదే. ఒక టీ కంపెనీ ఈ పని చేసిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

1954లో లియో టీ షాపుల సరఫరా చేపట్టింది. ప్రతి షాపుకూ వారంలో ఏ రోజు ఏది ఎంత పంపాలో ఒక మామూలు ఆర్డరు యంత్రం దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం షాపు నిర్వాహకురాలు ఫోన్‌లో, రేపటికి ఆ మామూలులో ఏం మారాలో మాత్రమే చెబుతుంది. రేపు ఊళ్లో ఉత్సవం ఉంది, కేకులు రెండు డజన్లు ఎక్కువ పంపండి, అంతే. అవతల కూర్చున్న ఆపరేటరు వింటూనే కార్డు మీద చిల్లులు పొడిచేది. యంత్రం మామూలుకు మార్పులు కలిపి రాత్రికల్లా సరుకు కట్టే జాబితాలు అచ్చువేసేది.

మందుల షాపు ధరల పట్టికకు సరిపోయే అమరిక ఇదే. అందరికీ వర్తించే ధర ఒక పట్టికలో, బ్రాంచి ప్రత్యేకతలు మరో చిన్న పట్టికలో. రెండో పట్టికలో వరుస ఉంటే అది, లేకపోతే మొదటిది. నాలుగు జాబితాలు సరిచూసే పని ఉండదు. పైగా ‘కూకట్‌పల్లి మిగతావాటికంటే ఎక్కడ తేడా?’ అని యజమాని అడిగితే ఆ చిన్న పట్టికే జవాబు.

ఇక బ్రాంచీలకు పేర్లు, నంబర్లు పెట్టడం. చిన్న పనిలా కనిపిస్తుంది, తర్వాత ఎక్కువ ఏడిపించేది ఇదే.

బ్యాంకు బ్రాంచికి ఉండే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో పదకొండు అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి ఆరూ బ్రాంచివి. చూడగానే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. ముచ్చటైన ఏర్పాటే. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కోడ్‌లు ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యేవి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. అవే గోడలు, అదే కౌంటరు, అదే మేనేజరు. కోడ్ మాత్రం ‘యూబీఐఎన్’ అయింది. 2021 ఏప్రిల్ నుంచి పాత కోడ్‌లు చెల్లలేదు. జీతాలకూ, పింఛన్లకూ, సరుకు చెల్లింపులకూ ఆ కోడ్‌లను తమ లెక్కల్లో రాసుకున్న ప్రతి సంస్థా వాటిని వెతికి మార్చుకోవాల్సి వచ్చింది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ విలీనమైనప్పుడూ ఇదే జరిగింది.

తెలుగువారికి ఇలాంటి అనుభవం కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్ నంబరు 28తో మొదలయ్యేది. 2014 జూన్ 2 తర్వాత ఒకవైపు 36, ఒకవైపు 37 అయ్యాయి. 2016 అక్టోబరు 10 వరకు సిద్దిపేటలోని కొట్టు మెదక్ జిల్లాది, మర్నాటి నుంచి సిద్దిపేట జిల్లాది. 2022 ఏప్రిల్ 4న చీరాల ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాకు మారింది. షట్టరు ఒక్క అంగుళం జరగలేదు, చిరునామా మారిపోయింది.

అందుకే డేటాబేస్ లోపల బ్రాంచికి అర్థంలేని ఒక అంకె ఇవ్వాలి. 1, 2, 3, 4 చాలు. ఆ అంకె ఎవరికీ చూపించనవసరం లేదు, ఎన్నటికీ మార్చనవసరం లేదు. బిల్లులు, స్టాకు, జీతాలు అన్నీ ఆ అంకెకే ముడిపడాలి. పేరు, జిల్లా, లైసెన్సు నంబరు లాంటి మారే వివరాలను విడిగా పెట్టి, ప్రతిదానికీ ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అని రెండు తేదీలు చేర్చాలి. పన్ను రేటుకూ అంతే. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఆగస్టులో కొన్న మందును గిరాకీ అక్టోబరులో తిరిగిచ్చినప్పుడు, వెనక్కి తిప్పాల్సింది అమ్మిన రోజున వేసిన పన్నునే. పాత రేటు చెరిపి కొత్తది రాసేసిన డేటాబేస్‌కు ఆ సంగతి గుర్తుండదు.

చెరపకుండా రాయడం మన పాత కోమటి కొట్ల విద్యే. చిట్టా అని ఒక పుస్తకం, ఆవర్జా అని మరొకటి. ఏ రోజు ఏం జరిగిందో జరిగిన వరుసలో చిట్టాకెక్కుతుంది. దానినుంచి ఖాతాలవారీగా తీసి రాసుకునేది ఆవర్జా. ఆవర్జాలో అనుమానమొస్తే చిట్టా తిరగేస్తారు. ఆవర్జా చూసి చిట్టా దిద్దడం మాత్రం జరగదు.

స్టాకు విషయంలో డేటాబేస్ కూడా అలాగే ఉండాలి. ‘గుంటూరులో 40’ అని ఉన్న గడిని చెరిపి ‘37’ అని రాసే పద్ధతిలో, ఆ మూడు స్ట్రిప్పులు అమ్ముడయ్యాయో, గడువు తీరి పక్కన పెట్టారో, ఎలుకలు కొట్టాయో తెలియదు. దానికి బదులు కదలికల పట్టిక ఉండాలి. ఏ బ్రాంచి, ఏ బ్యాచ్, ఎంత వచ్చింది లేదా పోయింది, ఎందుకు, ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా. నిల్వ ఎంతన్నది వీటిని కూడితే వచ్చే మొత్తం. వేగం కోసం ఆ మొత్తాన్ని విడిగా రాసుకోవచ్చు. అది ఆవర్జా, చిట్టా తర్వాతే దాని మాట.

ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి సరుకు పంపేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. విజయవాడ నుంచి పది పెట్టెలు ఖమ్మం బయల్దేరాయి. సాయంత్రం ఐదింటికి అవి ఎవరి స్టాకు? విజయవాడలో తగ్గించి ఖమ్మంలో వెంటనే పెంచితే, అక్కడి కౌంటరులో లేని మందుకు బిల్లు పడుతుంది. చేరేదాకా విజయవాడలోనే చూపిస్తే ఇక్కడా అదే తప్పు. అనుభవమున్నవాళ్లు ‘దారిలో’ అనే పేరుతో ఒక ఉత్తుత్తి బ్రాంచిని సృష్టిస్తారు. సరుకు విజయవాడ నుంచి ‘దారిలో’కి, అక్కడి నుంచి ఖమ్మానికి వెళుతుంది. పది పంపితే తొమ్మిదే చేరాయనుకుంటే, మిగిలిన ఒక్కటి ‘దారిలో’ కూర్చుని రోజూ కనిపిస్తూనే ఉంటుంది. పాత బ్యాంకుల్లో నెలల తరబడి తేలని పద్దు ఇక్కడ మర్నాడే పట్టుబడుతుంది.

పన్ను కూడా ఈ కదలికకే అంటుకుని ఉంటుంది. ఒకే రిజిస్ట్రేషన్ కాబట్టి విజయవాడ నుంచి గుంటూరుకు డెలివరీ చలానాతో పంపొచ్చు. ఖమ్మం పంపితే, యజమాని ఒకరే అయినా, చట్టం దృష్టిలో వేరే వ్యక్తికి సరఫరా చేసినట్టే. పన్ను ఇన్వాయిస్ వేయాలి. మూడు అంతస్తుల అమరిక ముందే ఉంటే, ఏ కాగితం వేయాలో యంత్రమే తేల్చుకుంటుంది.

ఒక్క కదలికకు రెండు వరుసలు రాయాలి: ఇక్కడ తీసివేత, అక్కడ కూడిక. ఒకటి రాశాక కరెంటు పోతే? రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. ఈ హామీని ట్రాన్సాక్షన్ అంటారు. దాన్ని శాస్త్రంగా నిలబెట్టినందుకే జిమ్ గ్రేకు 1998 ట్యూరింగ్ అవార్డు దక్కింది. మంచి డేటాబేస్‌లు దీన్ని సిద్ధంగా ఇస్తాయి. వాడుకోకపోవడం కట్టేవాళ్ల తప్పు.

అన్నీ ఒకే కేంద్ర డేటాబేస్‌లో పెట్టాక ఒక న్యాయమైన భయం మిగులుతుంది. ఖమ్మంలో నెట్ పోతే? వాకిట్లో జ్వరంతో నిలబడ్డ మనిషికి సర్వర్ అందడం లేదని చెప్పి పంపించగలమా? 2000లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ ఒక సూత్రం ప్రతిపాదించాడు, రెండేళ్లకు దానికి గణిత నిరూపణ వచ్చింది. యంత్రాల మధ్య లంకె తెగినప్పుడు, అన్నిచోట్లా ఒకే లెక్క కనిపించడమో, అన్నిచోట్లా పని ఆగకుండా సాగడమో, ఒక్కటే దక్కుతుంది. బ్యాంకు ఖాతాలో లెక్కే ముఖ్యం. మందుల షాపులో అమ్మకం ముఖ్యం, ఎందుకంటే మందు కళ్లెదుట అరలోనే ఉంది.

కాబట్టి బ్రాంచిలోని కంప్యూటరు తన కదలికలను తన దగ్గర రాసుకుని, నెట్ వచ్చాక కేంద్రానికి పంపాలి. చిట్టా పద్ధతి ఇక్కడ ప్రాణం నిలుపుతుంది. రెండు బ్రాంచీల చిట్టాలను కలిపితే ఏదీ చెరిగిపోదు. ఒకే గడిని ఇద్దరు విడివిడిగా దిద్ది ఉంటే ఎవరి అంకె నిజమో దేవుడికే తెలియాలి. కదలికల నంబర్లు ఢీకొనకుండా ప్రతిదానికీ యూయూఐడీ అనే 128 బిట్ల గుర్తింపు ఇస్తే, బ్రాంచీలు ఒకదాన్నొకటి అడగకుండానే ఏ కదలిక నంబరు దానికే ప్రత్యేకంగా ఉంటుంది. గిరాకీ చేతికిచ్చే బిల్లు నంబరు మాత్రం వేరు. జీఎస్‌టీ నియమం ప్రకారం అది వరుస క్రమంలో ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు. బ్రాంచికి మూడు అక్షరాలు, ఒక గీత, 25-26 అని ఆర్థిక సంవత్సరం, మరో గీత, ఆరు అంకెల వరుస సంఖ్య. లెక్కపెడితే సరిగ్గా 16. ఏ బ్రాంచి వరుస దానిది కాబట్టి నెట్ లేకపోయినా వరుస తప్పదు.

ఎవరు ఏది చూడాలన్నది కూడా మొదటి రోజే తేల్చాలి. గుంటూరు మేనేజరుకు గుంటూరు అమ్మకాలు, ఆడిటర్‌కు అన్నీ, యజమానికి అన్నీ. ఈ కట్టుబాటును తెర మీద దాచడంతో సరిపెట్టకుండా డేటాబేస్‌లోనే పెట్టొచ్చు. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2016 నుంచీ వరుసల స్థాయి కాపలా ఉంది. అయితే కొట్టు వేరే యజమానిదై, ఈ సంస్థ పేరు వాడుకునే ఫ్రాంచైజీ అయితే అతని లెక్కలు విడి డేటాబేస్‌లో ఉండటమే మేలు. రేపు ఒప్పందం తెగితే అతని పుస్తకాలు అతనికి అప్పగించాలి కదా.

రెండో కొట్టు తెరిచే ఆలోచనలో ఉన్నవారికి ఒక మనవి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడిని పిలవడానికి ముందు ఒక సాయంత్రం గుమాస్తాతో, ఆడిటర్‌తో కూర్చోండి. ఒక తెల్లకాగితం మీద మీ వ్యాపారంలో రాసిపెట్టే ప్రతి వివరాన్నీ వరుసగా రాయండి. ప్రతిదాని పక్కనా ఇది సంస్థదా, రాష్ట్ర రిజిస్ట్రేషన్‌దా, కొట్టుదా, సరుకుదా, లేక వీటిలో ఏవైనా రెండింటి జంటదా అని గుర్తు పెట్టండి. మారే అవకాశమున్న వాటి కింద గీత గీయండి. సాఫ్ట్‌వేర్ వాడు వచ్చినప్పుడు ముందు ఆ కాగితం చేతికివ్వండి.